నాలుగు వేసవులు ఈస్ట్ వాడాక

మా పాకలో పాలిచ్చే ఆవులు పదకొండు. నాలుగేళ్లుగా ఎండాకాలంలో వాటి దాణాలో ఈస్ట్ (పిండిని పులియబెట్టే సూక్ష్మజీవుల పొడి) కలుపుతున్నాను. మొదటి ఏడాది దండగ ఖర్చు అనుకున్నాను. ఇప్పుడు అది లేకుండా వేసవి దాటించే ధైర్యం నాకు లేదు. మధ్యలో ఏం జరిగిందో చెబితే కొత్తగా కొనేవాళ్లకు పనికొస్తుంది.

ఎండ ముదిరితే ఆవులు మధ్యాహ్నం గడ్డి ముట్టవు. పొద్దు వాలాక ఆకలి మీద ఒక్కసారిగా దాణా మీద పడతాయి. మా పెద్దావు నోరు తెరిచి రొప్పుతుంటే చొంగ తీగలా సాగి నేల మీద పడేది. డొక్క ఎగసిపడటం చూస్తూ లెక్కపెడితే నిమిషానికి డెబ్బైకి పైగా శ్వాసలు. అరవై దాటాయంటేనే వేడి బాధ మొదలైనట్టు. పొట్టలో పులుపును విరిచే సోడా గుణం ఉన్నది ఆ లాలాజలంలోనే. అది నేలపాలవుతుంది. రొప్పీ రొప్పీ రక్తంలో ఉన్న బైకార్బొనేట్, అంటే అదే సోడా గుణం, కూడా తగ్గిపోతుంది. నెమరు మందగిస్తుంది, తిన్న దాణా మాత్రం లోపల పులుస్తూనే ఉంటుంది. ఇక పేడ పలచబడి నురగ కడుతుంది, అందులో గింజలు గింజల్లాగే కనిపిస్తాయి, పాలలో వెన్న శాతం పడిపోతుంది. ఇదంతా నా కళ్లముందు ఏటా జరిగేదే.

ఈస్ట్ పని చేసేది సరిగ్గా ఆ పొట్టలోనే. మేతతో పాటు లోపలికి పోయే కాస్త ఆక్సిజన్‌ను అది వాడేసుకుంటుంది. పీచును అరిగించే బాక్టీరియాకు ఆక్సిజన్ గిట్టదు కాబట్టి వాటికి దారి సులువవుతుంది. పులుపు పెంచే లాక్టిక్ ఆమ్లాన్ని తినే బాక్టీరియాకు కూడా ఊతం దొరుకుతుంది, పులుపు అదుపులో ఉంటుంది. అంతేగానీ నీడ, ఫ్యాన్లు, ఎప్పుడూ నిండుగా ఉండే నీళ్ల తొట్టి చేసే పని ఇది చేయదు. అవి లేకుండా ఇదొక్కటే పెడతామంటే నేను వద్దనే అంటాను.

ఇక నా తప్పు. మొదటి ఏడాది ఆవులు రొప్పడం మొదలయ్యాక కంగారుపడి తెచ్చాను. తెచ్చిన బస్తాను రేకుల కప్పు కింద, మూతి సరిగా కట్టకుండా పెట్టాను. నెల రోజులు పెట్టినా ఏ మార్పూ లేదు. పశువైద్యుడికి చెబితే ఆయన ఆవుల సంగతి అడగలేదు, "బస్తా ఎక్కడ పెట్టారు?" అన్నారు. నేను కొన్నది సజీవ ఈస్ట్. గ్రాముకు ఇన్ని కోట్ల కణాలని ప్యాకెట్ మీద రాసి ఉంది. ఆ వేడికీ తేమకీ అవి చచ్చిపోయి ఉంటాయి, నెలంతా ఆవులకు నేను పెట్టింది ఉత్త పొడి.

రెండో ఏడాది నుంచి బిగుతు మూత డబ్బాల్లో, ఇంట్లో చల్లగా ఉండే గదిలో దాస్తున్నాను. ఎండలు ముదరడానికి మూడు వారాల ముందే మొదలుపెడుతున్నాను. ఒక్క రోజు కూడా మానను, ఎందుకంటే ఈస్ట్ పొట్టలో కాపురం పెట్టదు, ఏ రోజుకారోజు పెట్టాల్సిందే. మోతాదు ప్యాకెట్ మీద ఉన్నంతే. ముందు గుప్పెడు దాణాలో కలిపి, తర్వాత మొత్తంలో కలుపుతాను. లేకపోతే అంతా ఒకే ఆవుకు పోతుంది. వేడినీళ్లతో నానబెట్టిన దాణాలో మాత్రం కలపను.

మూడో వారంలో పేడ గట్టిపడింది. నాకు బాగా నమ్మకం కలిగించింది నెమరు. సాయంత్రం పడుకున్న ఆవు పక్కన కూర్చుని ముద్దకు ఎన్నిసార్లు నములుతుందో లెక్కపెట్టేదాన్ని. ఈస్ట్ లేనప్పుడు నలభై దగ్గరే మింగేసే పెద్దావు యాభై ఐదు, అరవై దాకా నమిలింది. పాలు అమాంతం పెరగలేదు, ఏటా పడేంతగా పడలేదు, వెన్న నిలకడగా ఉంది. అదే ఏడాది ఇంకో ఫ్యాన్ కూడా పెట్టాం, కాబట్టి ఘనతంతా ఈస్ట్‌కే ఇవ్వలేను. తేడా బాగా కనిపించింది కొత్తగా ఈనిన, ఎక్కువ దాణా తినే ఆవుల్లో. పాలు తగ్గుముఖం పట్టిన వాటిలో నాకేమీ తెలియలేదు. పొదుగు వాపుకీ, చూలు నిలవకపోవడానికీ ఇది మందు అని ఎవరైనా చెబితే, నా పాకలో అలా జరగలేదు.

ఇంకొకటి, ప్యాకెట్ మీద ఉత్త 'ఈస్ట్' అని ఉంటే కొనకండి. ఒకసారి అలా మోసపోయాను. ఎండబెట్టిన చచ్చిన ఈస్ట్ మాంసకృత్తుల కోసం బాగానే ఉంటుంది, కానీ సజీవ ఈస్ట్ చేసే పని దానితో కాదు. కణాల లెక్క, తయారీ తేదీ, గడువు, మూడూ చూడాలి.

నాకు మిగిలిన ఇబ్బంది ప్యాకెట్ సైజు. పదకొండు ఆవులకు పెద్ద బస్తా అయ్యేలోపే అడుగున గడ్డలు కడుతోంది. అందుకే ఇప్పుడు కాస్త ఎక్కువ ధర పెట్టయినా చిన్న ప్యాకెట్లే తెస్తున్నాను, ఒకటి అయిపోయాకే ఇంకోటి విప్పుతున్నాను.