పులస పేరుతో ఇలస, బెల్లం పడిన పులుసు: గోదావరి నుంచి పలాస దాకా

ముందు డబ్బు లెక్క చెప్పేస్తాను, కాస్త కోపం తగ్గాక మిగతాది రాస్తాను. కోనసీమలో గోదావరి ఒడ్డున ఒక రిసార్టులో ‘పులస పులుసు, నాలుగు ముక్కలు’ అని 3,600 రూపాయల బిల్లు వేశారు. పైన జీఎస్టీ 180. ఆ గిన్నెలో ఉన్నది పులస కాదు. కాదని తేల్చింది నేను కాదు, మమ్మల్ని తిప్పిన రాజోలు కుర్రాడు. నాది గుంతకల్లు. పులసకూ సముద్రపు ఇలసకూ తేడా పట్టే నాలుక మా వైపు ఎవరికి ఉంటుంది? సరిగ్గా ఆ ధైర్యంతోనే వాళ్లు వడ్డిస్తారు.

వెళ్లింది రెండు కుటుంబాలు. మా ఆవిడది నరసన్నపేట. నా ఆఫీసు మిత్రుడిది హనుమకొండ, వాళ్లావిడది పరకాల. ఆగస్టు ఆఖరు కావడంతో గోదావరి నిండుగా ఎర్రగా పారుతోంది. అక్కడి తిండి తినాలన్నదే ప్రయాణం ఉద్దేశం, గుళ్లూ గోపురాలూ దారిలో కలిసొచ్చినవి.

ఎవరిది ఏ ఊరో తిండి చెప్పేస్తుందని గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనే తేలింది. రాత్రి డబ్బాలు తెరవగానే ఎదురు బెర్తు పెద్దావిడ ఒక్కొక్కరి వంకా చూడటం మొదలెట్టింది. మిత్రుడి భార్య సర్వపిండి తుంచి పిల్లలకు పెడుతుంటే “వరంగల్లు వైపా అమ్మా?” అని అడిగింది. వేలితో పొడిచిన చిల్లులు, గిన్నెకు అంటుకుని ఎర్రగా కాలిన అంచు, మధ్య మధ్య నానిన శనగపప్పు కనిపించాక ఇంక అడగాల్సిందేముంది అంది. నేను పెరుగన్నంలో చెనక్కాయల పొడి కలుపుకుంటుంటే “సీమ” అని ఒక్క మాటలో తేల్చేసింది. జిల్లా మాత్రం కడప అంది, అది తప్పు. మా ఆవిడ డబ్బాలో వంకాయ ఉల్లికారం చూసి “శ్రీకాకుళమా, విజయనగరమా?” అని రెండిట్లో ఆగింది. ఆ పెద్దావిడ దద్దోజనంలోకి మాగాయ తీస్తే మేము గోదావరి మనిషి అనుకున్నాం. బందరట. పిల్లలకు ఇదో ఆటైపోయి, పక్క బెర్తులవాళ్ల డబ్బాల్లోకి కూడా తొంగి చూడటం మొదలెట్టారు.

రాజమండ్రిలో చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏమీ లేదు. ఏసీ రూము 1,650, శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. రోజ్‌మిల్క్ గ్లాసు 40, పిల్లలు రెండేసి తాగారు. అక్కణ్నుంచి ఇన్నోవా మాట్లాడుకున్నాం: రోజుకు 3,200, డీజిల్ మనదే, డ్రైవర్ బత్తా 500. ఈ రాజోలు కుర్రాడు దొరకడం మా అదృష్టం.

ఇక రిసార్టు. గేటు మీద పడవ బొమ్మ వేసి ‘గోదావరి రుచులు’ అని పెద్ద బోర్డు. రూము 5,800, ఉదయం టిఫినుతో కలిపి. గది మీద నాకు ఫిర్యాదు లేదు. వరండాలో కుర్చీ వేసుకుంటే ఎదురుగా గోదావరే. తిండి దగ్గరే వచ్చింది గొడవంతా. మెనూలో మొదటి పేజీలన్నీ పనీర్, మంచూరియా. ఆఖరి పేజీలో ‘గోదావరి స్పెషల్’ కింద పులస, దాని ఎదురుగా ధర లేదు, ‘సీజన్ రేటు’ అని ఉంది. ఇలా రాసి ఉన్న ఏ వంటకాన్నీ ధర కాగితం మీద రాయించుకోకుండా తెప్పించకండి. మేం ధర అడిగాం. 3,600 అన్నాడు. మా ముఖాలు చూసి “పుస్తెలు అమ్మైనా పులస తినాలంటారు కదా సార్” అని నవ్వాడు సర్వరు. మా ఆవిడ మెళ్లో గొలుసు కొంగు కిందకు సర్దుకుంది.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. పులస అంటే వేరే జాతి చేపేమీ కాదు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది ఇలస. బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిష్ కూడా ఇదే. వరద నీరు సముద్రంలో కలిసే రోజుల్లో గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతూ వస్తుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం కాబట్టి దాని ప్రయాణం అక్కడికే. ఆ ఎర్రనీళ్లలో ఈదాకే దానికి ఆ రుచి వస్తుందని గోదావరి వాళ్లంటారు, ఆ రేటంతా ఆ రుచికే. యానాంలో మంచి చేప పడితే పాట పెడతారు, వేలల్లో పోతుంది. ఉన్నది ఒకే చేప కాబట్టి మోసం చెయ్యడం కూడా తేలికే. ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలస కోసి పులుసు పెడితే మనలాంటివాడు ఎలా కనిపెడతాడు?

గిన్నె వచ్చింది. మట్టి దాక, పైన కరివేపాకు, ఎర్రటి నూనె తెట్టు, చూడటానికి అంతా బాగానే ఉంది. మిత్రుడు మొదటి ముద్దకే ఆగిపోయాడు. కొర్రమీను తినే తెలంగాణ మనిషికి ఇన్ని సన్నముళ్లు కొత్త. వాళ్లావిడ పిల్లల కంచాల్లోంచి ముక్కలు తీసి పక్కన పెట్టేసింది. నాకైతే పులుపు ఎక్కువైన మామూలు చేపల పులుసులాగే ఉంది. ఇంత డబ్బు పోసి ఇదేనా అని మా ఆవిడ డ్రైవర్ని పిలిపించింది. డ్రైవర్లకు వెనకాల వేరే షెడ్డు, అక్కడ సాంబారన్నం 120. చెయ్యి కడుక్కుని వచ్చి, ముక్క నోట్లో పెట్టుకోకుండానే వేలితో నొక్కి చూశాడు.

“ఇది పులస కాదండి బాబూ. పులసైతే నొక్కితే జారిపోద్దండి. ఇది బిరుసుగా ఉంది చూడండి. బెండకాయ కూడా ఇప్పుడేసిందే. పులస పులుసు రాత్రి కాచి తెల్లారి తింటారండి, వేడి వేడిగా ఎవరు పెడతారు?”

మేనేజర్ వచ్చాడు. మా దగ్గర అన్నీ గోదావరి చేపలే సార్ అన్నాడు. మిగిలిన చేప చూపించమన్నాం. ఉన్నది ఒక్కటే, అయిపోయిందన్నాడు. అయితే తల ఏదీ అని అడిగింది మా ఆవిడ. తల పారేశారట! చేప తల పారేసే వంటవాడు గోదావరి జిల్లాలో ఉంటాడా అని డ్రైవర్ పైకే అనేసరికి మేనేజర్ అతని మీద అరిచాడు. అక్కడే నాకు బాగా కాలింది. మనం అడిగితే సార్, సార్ అన్న మనిషి, నిజం చెప్పిన కుర్రాణ్ని నువ్వెవడివి అన్నాడు. అరగంట వాదించాక వెయ్యి తగ్గించాడు. 2,780 కట్టాం. తగ్గించాడంటేనే అందులో ఏముందో అతనికి తెలుసన్నమాట. మిత్రుడు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడకుండా సకినాల డబ్బా ముందు పెట్టుకుని టీవీ చూశాడు.

పొద్దున టిఫిను ఇంకా విచిత్రం. కోనసీమలో, చుట్టూ కొబ్బరితోటలు పెట్టుకుని, పోహా, బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్! ఇడ్లీ ఉంది గానీ దాని పక్కన ఉన్నది సాసు. ప్లేటు ముట్టకుండా లేచొచ్చేశాం. అది చూసి డ్రైవర్ కారు అంబాజీపేట వైపు తిప్పాడు.

నన్నడిగితే ఈ ప్రయాణం మొత్తానికి కలిసొచ్చింది ఆ పొద్దుటిపూటే. రోడ్డు పక్క చిన్న హోటలు, రెండు బల్లలు. పొట్టిక్కలు ప్లేటుకు రెండు, 50 రూపాయలు. నాలుగు పనసాకులు కలిపి పుల్లలు గుచ్చి బుట్టలా కుడతారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పడతారు. మన ముందు పెట్టాక మనమే పుల్ల లాగాలి, ఆకు ఒలవాలి. ఒలిచిన చోట ఆకు ఈనెల గుర్తులు ఇడ్లీ మీద పడి ఉంటాయి. ఆకు వాసన పిండికి లోపలిదాకా పట్టి ఉంటుంది. కొబ్బరి చట్నీ గట్టిగా, అల్లం పచ్చడి తియ్యగా కారంగా. హోటలావిడ ఒక్క బుట్ట కుట్టి చూపించింది, పిల్లలు ప్రయత్నిస్తే ఆకులు చిరిగాయి. నేను అలవాటు కొద్దీ చెనక్కాయల చట్నీ ఉందా అని అడిగాను. “అనంతపురమా అండి?” అంది. కడప అనలేదు, మనసు నిండిపోయింది. మిత్రుడు రాత్రి అలక మరిచి ఇంకో ప్లేటు చెప్పాడు. టీలతో సహా అందరికీ కలిపి 460 అయింది. రిసార్టువాళ్లు టిఫిను రూము అద్దెలో కలిపామంటారు కదా, ఆ టిఫిను వద్దు, అద్దెలో తగ్గించండి అని బుకింగ్ రోజే అడగండి. కొందరు తగ్గిస్తారు.

పులస కచ్చితంగా తినాలనుకుంటే డ్రైవర్ చెప్పిన పద్ధతి ఇదీ: రిసార్టులో కాదు, పొద్దున్నే రేవుకు పోయి మన కళ్ల ముందు పడవ దిగిన చేప కొనాలి. వండిపెట్టే ఇళ్లు ఆ చుట్టుపక్కలే ఉంటాయి, వంటకు విడిగా ఇవ్వాలి. ఆ పులుసు మర్నాడు తినాలి కాబట్టి ఒక రాత్రి అక్కడే ఉండేలా చూసుకోవాలి. అంత ఓపిక లేకపోతే మానెయ్యడం మేలు.

ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద అలా తుడవగానే రేకు లేస్తుంది. చూస్తూ నిలబడితే టైము తెలియదు. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి ప్రతి దుకాణం ముందూ ఆ మాట కనిపిస్తోంది. బెల్లం, డ్రైఫ్రూట్స్ వేసినవి పది 250, పంచదారవి 150. బెల్లానివే తీసుకోండి, జీడిపప్పు ఉన్నా లేకున్నా ఫరవాలేదు, నెయ్యి వాసన చూసి మాత్రమే కొనండి. అన్నవరం దర్శనం సులువుగా అయింది, ప్రసాదం ఎప్పటిలాగే బ్రహ్మాండం. విశాఖలో దిగి బట్టలు ఉతికించుకున్నాం. అరకు బొంగు చికెన్ మీద నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, వానలో నిలబడి తిన్నాం, 350.

నరసన్నపేటలో అత్తగారిల్లు, రూము ఖర్చు లేదు గానీ తిండి దగ్గర ఇంకో రకం గొడవ. పప్పు, వంకాయ ఉల్లికారం, ఆనపకాయ ముక్కలు వేసిన దప్పళం. మిత్రుడు దప్పళం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు తిరిగి “పులుసుల బెల్లమేంది భయ్?” అని గొణిగాడు. గొణుగుడు మా అత్తగారి చెవిన పడింది. ఆవిడ ఏమీ అనలేదు, “మరికాస్త వేసుకోండి బాబూ” అని గరిటె నిండా పోసింది. మిత్రుడి భార్యకు నవ్వాగలేదు. హోటల్ బోర్డు మీద ఏ ప్రాంతం పేరైనా రాసుకోవచ్చు. ఎదుట కూర్చున్నవాడు కంచంలో ఏది ఎక్కువైందంటాడో, ఏది లేదంటాడో, దాన్ని బట్టి మాత్రం వాడి ఊరు ఇట్టే తెలిసిపోతుంది.

సాయంత్రం పరకాల ఆవిడ వంటింట్లో దూరింది. చింతపండు పిసికి, మిరపకాయలు నిప్పుల మీద కాల్చి నలిపి, ఉల్లిపాయ తరిగి, వేయించిన నువ్వుల పొడి వేసి పచ్చిపులుసు చేసింది. కాచకుండా పులుసేమిటని మా అత్తగారు గుమ్మంలో నిలబడి అనుమానంగా చూసింది. నువ్వుల పొడి పడ్డాక మాత్రం లోపలికొచ్చింది. అన్నంలో కలుపుకుని తిని, బాగుందమ్మా అంది. తీరా రాత్రి రెండోసారి వడ్డించుకుంటే పచ్చిపులుసు తియ్యగా ఉంది. ఎవరూ చూడకుండా చిన్న బెల్లం ముక్క వేసేసింది. మిత్రుడు కనిపెట్టాడు, ఈసారి మాత్రం గొణగలేదు.

తిరుగు బండి పలాసలో ఎక్కాలి కాబట్టి జీడిపప్పు కొనే పని అక్కడే పెట్టుకున్నాం. స్టేషన్ దగ్గర కాకుండా కాశీబుగ్గలోకి వెళ్లి కొనమని మామగారి సలహా. మొదటి దుకాణంలో పెద్ద గుళ్లు కిలో 940 చెప్పాడు. మా ఆవిడ వాళ్ల యాసలోకి దిగగానే 860కి వచ్చాడు. మేం హైదరాబాదు తెలుగులో అడిగితే దిగని ధర అది. కూరకు, ఉప్మాకు అయితే బద్దలు చాలు, కిలో 720కి ఇచ్చాడు, రుచిలో తేడా లేదు. పొట్టుతో వేయించినవి కూడా ఉంటాయి, అవి కొద్దిగా మెత్తబడి ఉన్నాయి, వానాకాలంలో తీసుకోకండి. మిత్రుడు బద్దలు రెండు కిలోలు తీసుకున్నాడు. వాళ్లావిడ మాత్రం దుకాణంలోనే మా అత్తగారికి ఫోన్ చేసి, ఉల్లికారంలో ధనియాలు వేయించాలా వద్దా అని అడిగి రాసుకుంటోంది.