ఈమ్యాక్స్ 29లో సొంత ఇండెంట్ రూల్స్: వాడి చూశాక

మా టీమ్ సీ కోడ్‌లో ఇండెంట్‌కి, అంటే లైన్ ముందు వదిలే ఖాళీకి, నాలుగు స్పేసులు, ట్యాబ్‌లు వద్దు. స్విచ్ (విలువను బట్టి దారి ఎంచుకునే స్టేట్‌మెంట్) కంటే దానిలోని కేస్ ఒక మెట్టు లోపలికి ఉండాలి. ఎడిటర్ దాన్ని స్విచ్ లెవెల్‌కే లాగేసిందంటే రివ్యూలో రచ్చే. "అక్కా, మార్చింది ఒక్క లైనే కదా, గిన్ని ఎర్ర లైన్లేంది?" అని మా జూనియర్ మొన్న అడిగేశాడు. అందుకే 2023లో వచ్చిన ఈమ్యాక్స్ 29 ఎడిటర్, దాని ట్రీ-సిట్టర్ (కోడ్‌ని చెట్టులా విడగొట్టి చదివే లైబ్రరీ) ఇండెంటేషన్ పట్టుకున్నాను.

రూల్‌కి మూడే భాగాలు: ఏ నోడ్‌కి (ఆ చెట్టులో ఒక ముక్క), దేన్నిబట్టి, ఎన్ని కాలమ్‌లు. కేస్ నోడ్ అయితే, పేరెంట్ (దాని పై నోడ్) ఉన్న లైన్ మొదలు నుంచి 4. అంతే, టెక్స్ట్ వెతికే రెగెక్స్ ప్యాటర్న్‌లతో కుస్తీ లేదు. కేస్ లోపలి లైన్లు దాని వెంటే జరుగుతాయి. నాగోల్‌లో మెట్రో ఎక్కి సీటు దొరికితే రాయదుర్గం వచ్చేలోపు అయిపోయే పని.

ఒక్కటి గుర్తుంచుకోండి: ఈమ్యాక్స్ రూల్స్‌ని పైనుంచి చూసుకుంటూ వస్తుంది, ముందు కుదిరినదే చెల్లుతుంది. మీది చివర తగిలిస్తే దాని దాకా రానే రాదు. అనుమానం వస్తే ట్రీసిట్--ఇండెంట్-వెర్బోస్ ఆన్ చేయండి. ట్యాబ్ నొక్కినప్పుడల్లా ఏ రూల్ తగిలిందో కింద చూపిస్తుంది. నా లెక్కలో మొత్తం ప్యాకేజీలో బెస్ట్ ఇదే. నోడ్‌ల పేర్లకి ట్రీసిట్-ఎక్స్‌ప్లోర్-మోడ్ ఉంది, పక్క విండోలో చెట్టంతా పరుస్తుంది.

ఇక విసుగు. భాషల గ్రామర్లు (ఆ భాష కోడ్‌ని ఎలా చదవాలో ట్రీ-సిట్టర్‌కి చెప్పేవి) విడిగా కంపైల్ చేసుకోవాలి. గిట్, సీ కంపైలర్ ఉండాల్సిందే. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో, ప్రాక్సీ వెనక, ఇదొక పెద్ద తలనొప్పి. అంతకన్నా చిరాకు సగం టైప్ చేసిన కోడ్‌తో. బ్రాకెట్ మూయకపోతే చెట్టులో ఎర్రర్ నోడ్ పడుతుంది, మన రూల్ తగలదు, లైన్ ఎటో పోతుంది. బ్రేస్‌ల మధ్యలో ఇఫ్‌డెఫ్‌లు (కొంత కోడ్‌ని షరతు మీద ఉంచే, తీసేసే లైన్లు) దూర్చిన డ్రైవర్ ఫైళ్లలోనూ అంతే. మా దగ్గర అలాంటివే ఎక్కువ.

అందుకే సీ వరకు ట్రీ-సిట్టర్ లేని ఈమ్యాక్స్ పాత సీ-మోడే నయం. కేస్ లైన్ మీద కంట్రోల్-సీ, కంట్రోల్-ఓ నొక్కితే ఆ లైన్ ఏ రకమో తనే చెప్పి ఆఫ్‌సెట్ (ఎంత జరపాలో) అడుగుతుంది, ప్లస్ (ఒక మెట్టు లోపలికి) అని కొడితే సరి. నచ్చాక ఇనిట్ ఫైల్‌లో (ఈమ్యాక్స్ మొదలవగానే చదివే సెట్టింగ్స్ ఫైల్) రాసుకోండి. టైప్‌స్క్రిప్ట్, రస్ట్ రాసేవాళ్లు మాత్రం కొత్తదే తీసుకోండి, అక్కడ ఇఫ్‌డెఫ్‌ల గోల లేదు.