స్పేర్ పార్టులతో, ప్లాస్టిక్ షీటుతో మార్చిన మోడల్ కార్లు: ఏళ్ల తర్వాత ఏది నిలిచింది

కిట్‌లో, అంటే విడి ప్లాస్టిక్ ముక్కల పెట్టెలో, వచ్చిన మోడల్ కారును వచ్చినట్టే కట్టడం మానేసి చాలా ఏళ్లయింది. స్పాయిలర్ (కారు వెనక ఉండే రెక్క), రోల్ కేజ్ (లోపలి రక్షణ గొట్టాల చట్రం), ఇంజిన్ వైర్లు సొంతంగా చేసుకుంటాను. చక్రాలు, సీట్లు పాత కిట్లలో మిగిలినవాటి నుంచి తీస్తాను. కట్టిన రోజు అన్నీ బాగానే కనిపిస్తాయి. షెల్ఫులో ఏళ్లు గడిచాకే అసలు తేడా తెలుస్తుంది.

ఎవర్‌గ్రీన్ కంపెనీ పాలీస్టైరిన్ (ప్లాస్టిక్) షీటుకు నా పూర్తి మార్కులు. బాడీ పనికి 0.5 మి.మీ., సన్నని అంచులకు 0.25 మి.మీ. వాడతాను. కత్తితో గీత పెట్టి వంచితే శుభ్రంగా విరుగుతుంది. మామూలు కిట్లు కూడా అదే ప్లాస్టిక్ కాబట్టి టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ అనే మోడల్ జిగురు రెండు ముక్కల్నీ కాస్త కరిగించి ఒకటి చేసేస్తుంది. అలా అతికించిన స్పాయిలర్లు ఇప్పటికీ కదల్లేదు. అయితే షీట్లను పొరలుగా అతికించినప్పుడు లోపలి సిమెంట్ పూర్తిగా ఆరాలి. తొందరపడి సానబట్టి రంగు వేస్తే తర్వాతెప్పుడో అతుకు గీత పైకి తేలుతుంది.

సూపర్ గ్లూ అంత నమ్మకమైనది కాదు. ఆరాక పెళుసుగా ఉంటుంది, చిన్న దెబ్బకే ఊడుతుంది, దాని ఆవిరి అద్దాలను తెల్లగా చేస్తుంది. ఇత్తడి, రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచిన పదార్థం) ముక్కలకు అది తప్పదు కాబట్టి అక్కడ సన్నగా రంధ్రం చేసి తీగ పిన్ దించుతాను. ఆ అతుకులు మాత్రం గట్టిగా ఉన్నాయి.

స్పేర్ పార్టులు తీసేటప్పుడు స్కేలు చూడాలి. అమెరికన్ కిట్లు ఎక్కువగా 1/25, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు, జపాన్ కిట్లు 1/24. 4.8 మీటర్ల కారు ఒకదానిలో 192 మి.మీ., మరోదానిలో 200 మి.మీ. వస్తుంది. సీట్లు, ఇంజిన్ మారిస్తే కంటికి తెలియదు. అద్దాలు, బంపర్లు మాత్రం కుదరవు. 18 అంగుళాల రిమ్ 1/24లో 19 మి.మీ. ఉండాలి. స్పార్క్ ప్లగ్ వైరుకు 0.3 మి.మీ. రాగి తీగ సరిగ్గా సరిపోతుంది. ఎగ్జాస్ట్‌కు టంకం తీగ కంటే మంచిది నాకు దొరకలేదు, ఎలా వంచితే అలా ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద శత్రువు మెత్తని వినైల్ టైర్లు. వాటిలోని ప్లాస్టిసైజర్ (మెత్తదనం కోసం కలిపే రసాయనం) నెమ్మదిగా బయటికొచ్చి, తగిలిన ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. అందమైన రిమ్ములు ఇలా పాడైపోవడం చూస్తే నిజంగా బాధేస్తుంది. అందుకే స్పేర్ బాక్సులో టైర్లను విడిగా కవర్లో పెట్టండి. కారుకు ఎక్కించేముందు రిమ్ చుట్టూ ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు ఒక వరస చుట్టండి. బయటికి కనిపించదు.

క్రోమ్ పూత ఉన్న పాత పార్టులు వాడుతుంటే అతికే చోట పూత గీకేయాలి. లేకపోతే సిమెంట్ కింది ప్లాస్టిక్‌కు అందదు, ముక్క పూతతో సహా ఊడొస్తుంది.