పసిబిడ్డ ముక్కు శుభ్రం చేసే గొట్టం

రాత్రి మా పాప రెండు గుక్కలు తాగి, ముక్కు బిగుసుకుని ఊపిరాడక రొమ్ము వదిలేసి ఏడ్చేది. పురిటి బిడ్డలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు కదా. అందుకే నోటితో పీల్చే గొట్టం కొన్నాం. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఛీ’ అన్నారు గానీ, మధ్యలో వడపోత ఉంటుంది, చీమిడి మన నోటిదాకా రాదు. ముందు 0.9 శాతం ఉప్పునీటి చుక్కలు వేసి, కాసేపు ఆగి, మొనను ముక్కుపుటం అంచుకు ఆనించి మెల్లగా పీల్చాలి. గొట్టంలోకి చీమిడి జారడం కనిపిస్తుంటే ఎంత హాయో! నొక్కి వదిలితే చీమిడి లాగే రబ్బరు బుడగ కంటే ఇదే మేలు, విప్పి కడుక్కోవచ్చు. బుడగ లోపల ఏం పేరుకుందో ఎవరు చూడగలరు? వడపోతలు మార్చడమే విసుగు. పాలు పట్టే ముందు వాడితే చాలు, పదేపదే లాగితే లోపలి పొర వాచి ముక్కు ఇంకా బిగుస్తుంది. జ్వరం ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.