గిల్బర్ట్ జీ-టీఆర్4000: డ్రాప్ కిక్ నేర్చుకోవడానికి మంచి రగ్బీ బంతి, కిక్కింగ్ టీ మాత్రం కొనకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు రగ్బీ మొదలుపెట్టేవాళ్లు ఈ బంతితో పాటు కిక్కింగ్ టీ (తన్నే ముందు బంతిని నిలబెట్టే చిన్న స్టాండు) కూడా ఆర్డర్ పెట్టేస్తుంటారు. అక్కర్లేదు. మన దేశంలో ఎక్కువగా ఆడేది సెవెన్స్, అంటే జట్టుకి ఏడుగురి ఆట. అందులో కన్వర్షన్ (ట్రై చేశాక అదనపు పాయింట్ల కోసం కొట్టే కిక్) అయినా, పెనాల్టీ గోల్ (అవతలి జట్టు తప్పు చేస్తే దొరికే కిక్) అయినా డ్రాప్ కిక్కే, అంటే బంతిని నేలకి వదిలి లేస్తుండగా కొట్టాలి. బంతిని టీ మీద నిలబెట్టి కొట్టడం పదిహేను మంది ఆటలోనే. ఆ డబ్బుతో గేజ్ ఉన్న చేతి పంపు కొనుక్కోండి.

డ్రాప్ కిక్ అనగానే గుర్తొచ్చేది జానీ విల్కిన్సన్. ఇంగ్లండ్‌కి 91 మ్యాచ్‌లు, 1,179 పాయింట్లు, 36 డ్రాప్ గోల్స్ (ఆట నడుస్తుండగా డ్రాప్ కిక్‌తో కొట్టే గోల్స్). 2014లో ఫ్రాన్స్ క్లబ్ టూలాన్ తరఫున ఆడుతూ రిటైరయ్యాడు. అసలు అతనిది ఎడమ కాలి ఆట. కానీ 2003 నవంబర్ 22న సిడ్నీలో ప్రపంచకప్ ఫైనల్ 17-17 మీద ఉండగా, అదనపు సమయంలో ఇంకా 26 సెకన్లే మిగిలినప్పుడు, కుడి కాలితో కొట్టి 20-17తో గెలిపించాడు. ఆ టోర్నీలో వాడింది గిల్బర్ట్ మ్యాచ్ బంతే. జీ-టీఆర్4000 మాత్రం ప్రాక్టీసు బంతి, దాంతో పోల్చకూడదు. నేర్చుకోవడానికి ఇదే నయం. పైనున్న రబ్బరు బొడిపెల వల్ల చెమట చేతులతో పట్టుకున్నా జారదు. మన ఉక్కపోతలో అది చాలా ముఖ్యం.

గాలి 9.5 నుంచి 10 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య ఉండాలి. సైకిల్ షాపులో కొట్టించొద్దు. అక్కడి గేజ్ మీద ఇంత చిన్న అంకె సరిగా తెలియదు, గాలి ఎక్కువైతే బంతి ఉబ్బి కుట్లు సాగిపోతాయి. సూదికి గ్లిజరిన్ చుక్క రాసి నిదానంగా దించాలి. కొబ్బరినూనె రాయొద్దు, రబ్బరు పాడవుతుంది. పొద్దున్న 25 డిగ్రీల్లో 9.5 కొట్టిన బంతి, 40 డిగ్రీల ఎండలో కాగితే 10.5 దాటిపోతుంది. అందుకే ఆడబోయే ముందు చూసుకోవాలి.

ఇక కిక్కు. బంతిని నిలువుగా పట్టుకుని, పై మొనని కొద్దిగా మీ వైపు వాల్చి, చేతులు కిందకి తెచ్చి వదలాలి. విసరకూడదు. కింది మొన నేలకి తగిలి లేస్తుండగానే పాదం పైభాగంతో తన్నాలి. నేలకి తగలకముందే తన్నితే అది డ్రాప్ కిక్ కాదు, పంట్. ఎక్కువగా జరిగే తప్పు ఒకటే: ఒక చెయ్యి ముందుగా, ఇంకో చెయ్యి ఆలస్యంగా వదలడం. బంతి పక్కకి వాలి పడుతుంది, అలా పడ్డది ఎటు ఎగురుతుందో చెప్పలేం. పది నిమిషాలు తన్నకుండా ఉత్తినే వదిలి, నేరుగా మీ దగ్గరికే లేస్తోందో లేదో చూడండి.

నేలని బట్టి కూడా మారుతుంది. వేసవిలో గట్టిపడ్డ ఎర్రమట్టి మీద బంతి త్వరగా, ఎత్తుగా లేస్తుంది, కాబట్టి కాలు ముందే రావాలి. పైగా గరుకు నేల మీద ఏ రబ్బరు బంతికైనా బొడిపెలు అరుగుతాయి, గడ్డి ఉన్న మూల వెతుక్కోండి. కళింగపట్నం ఒడ్డున అయితే పొడి ఇసుకలో బంతి అసలు లేవదు, అలలు తడిపి గట్టిపరిచిన చోటే కొట్టాలి. తర్వాత మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి.

గోలుకి రెండు సరుగుడు గెడలు చాలు: మధ్య దూరం 5.6 మీటర్లు, 3 మీటర్ల ఎత్తున తాడు. ముందు 10 మీటర్ల నుంచి కొట్టండి, కుడి కాలితో పది, ఎడమ కాలితో పది. న్యూజిలాండ్ ఆటగాడు డాన్ కార్టర్ కూడా ఎడమ కాలివాడే. 2015 ప్రపంచకప్ ఫైనల్‌లో తన చివరి కన్వర్షన్ కుడి కాలితోనే కొట్టాడు.

పెద్దవాళ్లకి 5వ సైజు, 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకి 4 తీసుకోండి. చిన్న చేతులకి 5 ఇస్తే బంతిని నిటారుగా వదలలేరు.