రొట్టె దగ్గర తోపులాట, పాస్తా దగ్గర ఖాళీ

హనుమకొండలో ఈమధ్య తెరిచిన కౌంటర్ల హోటల్‌కు ఆదివారం సాయంత్రం అత్తమ్మనూ పిల్లలనూ తీసుకుని వెళ్లాం. బిల్లు దగ్గర చిన్న పంచాయితీ అయింది కాబట్టి పేరు రాయను. వేరే ఊళ్లలోనూ బ్రాంచీలు ఉన్నాయట.

లోపలికి వెళ్లగానే తలా ఒక కార్డు ఇస్తారు. చుట్టూ కౌంటర్లు. కావలసినదాని ముందు నిలబడితే కళ్లముందే చేసి, కార్డు గీకి ప్లేట్లో పెడతారు. డబ్బులు వెళ్లేటప్పుడు కట్టాలి. ఈ పద్ధతి బయట పాతదే, స్విట్జర్లాండ్ హోటళ్ల కంపెనీ మూవెన్‌పిక్ వాళ్లు 1983లోనే జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 'మార్షే' అని ఇలాంటిది తెరిచారు. మా మరిది సింగపూర్‌లో వాళ్ల దగ్గర తిన్న ఆలుగడ్డ అట్టు గురించి ఇప్పటికీ చెప్తుంటాడు.

ఇక్కడ వెళ్లాల్సింది జొన్నరొట్టె కౌంటర్‌కే. అక్కడున్న ఆమె పిండిలో సలసల కాగే నీళ్లు పోసి పిసికి, అరచేత్తో కొట్టి పెనం మీద వేస్తుంది. పైన తడి చెయ్యి అద్ది తిప్పేసరికి పొంగుతుంది. అత్తమ్మ ఊరుకోలేదు. "పిండి ఎప్పుడు పట్టించినవ్ బిడ్డా?" అని అడిగింది. "నిన్ననే అమ్మా, పాతదైతే అంచులు పగులుతయ్ గదా" అన్నది ఆమె. దాంతో అత్తమ్మ దృష్టిలో హోటల్ పాసైపోయింది. తోడుగా ఇచ్చే ఎర్రకారం చపాట మిర్చిదట. 2025లో జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే) గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిర్చి. రంగు బాగా ఉంటుంది, ఘాటు తక్కువ, పిల్లలు కూడా తిన్నారు.

సర్వపిండి కూడా బాగుంది, కానీ ఓపిక పట్టాలి. గిన్నె లోపల పిండి అద్ది, వేలితో బొక్కలు పెట్టి నూనె వేసి, మూతపెట్టి సన్నమంట మీద వదిలేస్తారు. దించాక గిన్నెను నీళ్లలో పెట్టి చల్లారిస్తే గానీ ఇంకొకటి అద్దడానికి రాదు. ఆ గిన్నెలు నాలుగైనా పెట్టుకోవద్దా? రెండే ఉన్నాయి.

పాస్తా కౌంటర్ అబ్బాయి ఈగలు తోలుకుంటున్నాడు. రొట్టె కౌంటర్ దగ్గర మాత్రం జనం తోసుకుంటున్నారు. ఆ పాస్తా పొయ్యి తీసుకొచ్చి రొట్టెల దగ్గర పెడితే సగం బాధ తీరుతుంది. బిర్యానీ మామూలే.

అసలు ఇబ్బంది ఇంటిల్లిపాది వెళ్తే తెలుస్తుంది. అందరం కలిసి తినడం కుదరదు. నా రొట్టె వచ్చేసరికి పిల్లల నూడుల్స్ అయిపోయాయి, అత్తమ్మ నాటుకోడి పులుసు చల్లారిపోయింది. మా ఆయన ఇంకా సర్వపిండి దగ్గరే నిలబడ్డారు. ఒక్కరే వెళ్లేవాళ్లకు ఈ హోటల్ స్వర్గం.

ఇక పంచాయితీ. బిల్లులో జీఎస్టీ కాకుండా సర్వీస్ చార్జి కూడా వేశారు. ప్లేట్లు మోసింది మేము, నీళ్లు తెచ్చుకున్నది మేము, మరి సర్వీస్ ఎవరు చేసినట్టు? దాన్ని బిల్లులో తమంతట తామే కలపకూడదని 2022 జులైలోనే వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. ఆ మాట అనగానే మేనేజర్ కిక్కురుమనకుండా తీసేశాడు. మీకు తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

వెళ్తే ఏడింటిలోపే వెళ్లండి. పచ్చిపులుసు తొందరగా అయిపోతుంది, రొట్టెల కోసం నిలబడకముందే తీసుకుని పక్కన పెట్టుకోండి.