ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ రౌటరు: చాలాకాలం వాడాక నా సమీక్ష

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అంటే రౌటరులో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. అది మా ఇంటికి ఎందుకు అవసరమైందో ముందు చెబుతాను. బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి ఫైబర్ కనెక్షన్ 200 ఎంబీపీఎస్‌ది. స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా అంకె నిండుగానే ఉండేది. అయినా రాత్రి తొమ్మిది దాటాక మా తమ్ముడు వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ ఆట ఆడుతుంటే శత్రువు ఒకచోట, తూటా ఇంకోచోట. ఆపరేటరుకు ఫోన్ చేస్తే పెద్ద ప్లానుకు మారమన్నారు. ఆ సలహాకు మాత్రం వాళ్లకు ఎప్పుడూ తీరికే.

ఆటకు ఒక ఎంబీపీఎస్ కూడా అక్కర్లేదు, సమాధానం సమయానికి రావాలి, అంతే. ఆట నడిచే ముంబై సర్వరు మనకు నేరుగా లెక్కేసినా దాదాపు 850 కిలోమీటర్లు. ఫైబరులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, పోయి రావడానికే ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు తప్పవు. దారి మలుపులతో మాకు 30 దాకా వస్తుంది. దానితో పేచీ లేదు. అది ఉన్నట్టుండి 250కి ఎగరడమే బాధ.

ఎక్కడ ఎగురుతోందో తేల్చడానికి కంప్యూటరులో రెండు పింగులు (చిన్న సందేశం పోయి రావడానికి పట్టే సమయం కొలిచేవి) పక్కపక్కన నడిపాను: ఒకటి ఇంటి రౌటరుకు, ఒకటి బయట ఉన్న గూగుల్ సర్వరు 8.8.8.8కి. మొదటిదే ఎగిరితే తప్పు వైఫైది. అపార్ట్‌మెంట్లలో అది మామూలే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మూడే, వాటి మీద పడేవాళ్లు అంతస్తుకు పదిమంది. గోడ వెంబడి క్యాట్6 కేబుల్ లాగేసరికి ఆ గొడవ తీరిపోయింది.

రెండోదే అసలు చిక్కు. రౌటరు పింగు ఒక మిల్లీసెకను దగ్గర కదలకుండా ఉంటే, బయటి పింగు మాత్రం మా వదిన ఫోను ఫొటోలను క్లౌడుకు పంపే వేళల్లో ఎగిరేది. అప్‌లోడ్ నిండగానే మోడెంలో వరస పేరుకుపోతుంది. పోస్టాఫీసులో ఒక్క కార్డు వేయడానికి వచ్చినవాడు గోతాలకొద్దీ పార్సిళ్లు తెచ్చినవాడి వెనక నిలబడ్డట్టే. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ప్లాను పెంచితే గోతాలు కాస్త త్వరగా కదులుతాయేమో కానీ, వరస పద్ధతి మారదు.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వేసిన రౌటరు కొన్నది ఇందుకే. అందులో వరసను అదుపు చేసే ఎస్‌క్యూఎం విభాగంలో కేక్ అనే పద్ధతిని ఎంచుకుని, వేగాన్ని అసలు లైను కంటే పది పదిహేను శాతం తక్కువకు కట్టేయాలి. అప్పుడు వరస మోడెంలో కాక మన రౌటరులో ఏర్పడుతుంది, ఆట పంపే చిన్న ప్యాకెట్లు (డేటా ముక్కలు) ముందుకు వెళ్లిపోతాయి. మేము 175 దగ్గర పెట్టాం. ఫొటోలు ఎక్కుతున్నా పింగు 40 దాటడం అరుదు. "గేమింగ్" అని ఎర్ర దీపాలు, ఎనిమిది యాంటెనాలు పెట్టి అమ్మే డబ్బాల కంటే ఈ ఒక్క సెట్టింగు నయం.

లోపాలూ ఉన్నాయి. ఈ పనికి ప్రాసెసరు బాగా శ్రమపడుతుంది. చవక రౌటరులో పెద్ద ప్లాన్లు సగానికి పడిపోతాయి, అందుకే 500 ఎంబీపీఎస్ లైను ఉన్నవాళ్లు ముందు ప్రాసెసరు చూసుకోవాలి. మెనూలు కొత్తవాళ్లను భయపెడతాయి. బయట లైను చెడితే ఇది చేయగలిగింది ఏమీ లేదు.

అది వానాకాలంలో తెలిసింది. ప్యాకెట్లు అసలు చేరడం మానేశాయి. వచ్చిన టెక్నీషియన్‌ది మదనపల్లె, ఫైబరులో వెలుతురు బలం కొలిచే మీటరు తగిలించి "సార్, మైనస్ 29 చూపిస్తోంది, మైనస్ 27 దాటితే కష్టం" అన్నాడు. మెట్ల దగ్గర ఎవరో పూలకుండీ జరిపి ఫైబరును మడిచేశారు. ఆ ముక్క కోసి మళ్లీ అతికాక మైనస్ 21కి వచ్చింది. మడత పడిన ఫైబరులోంచి వెలుతురు బయటకు జారిపోతుందని, దాన్ని గుండ్రంగా చుట్టి గోడకు తగిలించి వెళ్లాడు.

కరెంటు కోతకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ చాలు, కానీ మోడెం, రౌటరు రెండింటికీ పెట్టాలి. ఒక ఫైబరును పలు ఇళ్లకు పంచే వీధిలోని స్ప్లిటరుకు కరెంటు అక్కర్లేదు కాబట్టి నెట్ నడుస్తూనే ఉంటుంది. భవనంలో నెట్ పంచే స్విచ్ పెట్టి ల్యాన్ కేబుల్ ఇచ్చే ఆపరేటర్ల దగ్గర మాత్రం, కరెంటు పోతే ఆ స్విచ్చే ఆగిపోతుంది కాబట్టి, ఈ యూపీఎస్ అలంకారమే.

స్నేహితులను నేరుగా మన కన్సోలుకు కలుపుకోవాలంటే ఇంకో అడ్డంకి. రౌటరు బయటి ఐపీ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆపరేటరు అనేక ఇళ్లను ఒకే చిరునామా వెనక కూర్చోబెట్టినట్టు. అప్పుడు బయటివాళ్లు నేరుగా చేరగలిగే, మన ఒక్క ఇంటికే ఇచ్చే చిరునామాను, అంటే పబ్లిక్ ఐపీని, అడిగి తీసుకోవాలి. దానికి నెలనెలా అద్దె అడిగారు, మా తమ్ముడి ఆటకు అంత అవసరం లేదని వద్దన్నాను.